చాంగాన్ నుంచి అమ్మాయికి

శియాన్,
గురువారం రాత్రి

చిరంజీవి శారదకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. మేమిద్దరం ఇక్కడ క్షేమంగా ఉన్నాం. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూనే ఉన్నా, నువ్వు ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి ఉంటావు, నేను మొదలుపెట్టినది సగంలోనే ఆగిపోతోంది. అందుకని హోటలు గదిలో కూర్చుని కాగితం మీద రాస్తున్నాను. ఈ ప్రయాణానికి డబ్బు కట్టింది నువ్వు. దానితో మేము ఏం చూశామో నీకు వివరంగా తెలియాలి.

టికెట్లు తీసే రోజున, చైనాలో ఇన్ని ఊళ్లుండగా శియానే ఎందుకు నాన్నా అని అడిగావు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. సాంఘికశాస్త్రం చెప్పిన ముప్పై ఒక్క ఏళ్లలో, ఏటా ఏడో తరగతి పిల్లలను అమరావతి దీపాలదిన్నెకు, అంటే పాత బౌద్ధస్తూపం ఉన్న దిబ్బకు, తీసుకువెళ్లేవాణ్ణని నీకు తెలుసు; నువ్వూ ఒక ఏడు వచ్చావు. వాళ్లను దిన్నె పక్కన నీడలో కూర్చోబెట్టి, 640 ప్రాంతంలో హ్యూయాన్‌త్సాంగ్ అనే చైనా భిక్షువు మన ధాన్యకటకానికి వచ్చాడనీ, కొన్ని నెలలు ఉండి ఇక్కడి ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికులనే బౌద్ధశాఖవారి తత్వశాస్త్రమైన అభిధర్మం నేర్చుకున్నాడనీ, తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలను వాళ్లకు చెప్పాడనీ వివరించేవాణ్ణి. వేంగి గురించి రాస్తూ ఆయన, ఇక్కడివాళ్ల భాష మధ్యభారతపు భాషకు వేరుగా ఉంటుందనీ, అక్షరాలు మాత్రం చాలావరకు కలుస్తాయనీ గమనించాడని చెబితే పిల్లలు ఎంతో సంతోషించేవాళ్లు. ఆయన ఎక్కడి నుంచి వచ్చాడు మాస్టారూ అని ఎవరో ఒకరు అడిగేవారు. చాంగాన్ నుంచి అనేవాణ్ణి. ఆ పైన చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు. ఆ చాంగానే ఈ శియాన్. ఆయన నడిచిన దారిలో మన వైపు కొసను ఇన్నేళ్లు చూపించినవాణ్ణి, బయలుదేరిన కొసను కూడా ఒకసారి చూడాలనుకున్నాను.

వచ్చిన మర్నాడు పొద్దున్నే పెద్ద అడవిబాతు గోపురానికి వెళ్లాం. గావోజోంగ్ చక్రవర్తి యువరాజుగా ఉన్నప్పుడు, పోయిన తన తల్లి పేర 648లో కట్టించిన దాత్సిఎన్ ఆలయంలో ఉంది అది. హ్యూయాన్‌త్సాంగ్ తెచ్చిన గ్రంథాలను నిప్పు నుంచీ తడి నుంచీ కాపాడడానికి 652లో మొదట అయిదు అంతస్తులుగా కట్టారు. 701–704 మధ్య మళ్లీ కట్టారు. ఇప్పుడున్నది ఏడంతస్తులు, ఎత్తు 64 మీటర్లు. మన గాలిగోపురాల మీద ఉన్నట్టు దీని మీద శిల్పాలు లేవు. మట్టిరంగు ఇటుక వరసలు పైకి పోతున్నకొద్దీ లోపలికి జరుగుతూ ఉంటాయి, అంతే. మొదటి కట్టడానికి పని జరుగుతున్నప్పుడు హ్యూయాన్‌త్సాంగ్ తానే తట్టలో ఇటుకలూ రాళ్లూ మోశాడని శిష్యులు రాసిన ఆయన జీవితచరిత్రలో ఉంది. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు. నేను గోడను అరచేత్తో తాకి చూశాను. ఆయన మోసిన ఇటుక అందులో ఒక్కటైనా మిగిలి ఉంటుందా అని మీ అమ్మ అడిగింది. ఉండకపోవచ్చు. అయినా కాసేపు చెయ్యి తీయబుద్ధి కాలేదు.

దక్షిణ ద్వారానికి అటూ ఇటూ గోడలో రెండు నల్లరాతి శాసనాలున్నాయి. హ్యూయాన్‌త్సాంగ్ అనువాదాలకు తైజోంగ్ చక్రవర్తి రాసిన పీఠిక ఒకటి, ఆయన కొడుకు గావోజోంగ్ రాసినది ఇంకొకటి. చూ సుయిలియాంగ్ అనే మంత్రి చేతిరాతలో 653లో చెక్కారు. ఒకటి కుడి నుంచి ఎడమకు, రెండోది ఎడమ నుంచి కుడికి సాగుతుంది. ఎదురెదురుగా నిలబడిన ఇద్దరు ద్వారపాలకుల్లా ఆ అక్షరాలు వాకిలికి రెండు వైపులా నిలబడ్డాయి. 629లో సరిహద్దు దాటడానికి అనుమతి లేకుండా, చాటుగా బయలుదేరిన మనిషి హ్యూయాన్‌త్సాంగ్. 645లో ఇరవై గుర్రాల మీద 657 గ్రంథాలతో తిరిగివస్తే, చూడడానికి ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. చక్రవర్తి కొలువులో ఉద్యోగం ఇస్తానన్నాడు. ఆయన వద్దని, అనువాదానికి కూర్చుని, 664లో పోయేదాకా అదే పని చేశాడు. 75 గ్రంథాలు, 1,335 సంపుటాలు. వాటిలో ఎన్నింటికో సంస్కృత మూలాలు మన దేశంలో నశించిపోయాయి. ఈ చైనా ప్రతుల్లోనే బతికి ఉన్నాయి. చెక్కమెట్లు ఎక్కి పై అంతస్తు కిటికీ దగ్గర నిలబడినప్పుడు నాకు ఊరి కన్నా ఈ లెక్కే ఎక్కువగా మనసులో మెదిలింది.

నీకు ప్రత్యేకంగా రాయాలనుకున్న విషయం ఒకటుంది. తిరుగు ప్రయాణంలో సింధునది దాటుతుండగా హ్యూయాన్‌త్సాంగ్ కొన్ని గ్రంథాలను నీటిలో పోగొట్టుకున్నాడు. ఇల్లు చేరిన ఏడేళ్లకు, 652లో, బోధగయలోని మహాబోధి విహారం నుంచి ప్రజ్ఞాదేవుడనే భిక్షువు రాసిన ఉత్తరం చాంగాన్‌కు చేరింది. ఈ ప్రజ్ఞాదేవుడు హీనయాన పండితుడు. కన్యాకుబ్జంలో హ్యూయాన్‌త్సాంగ్‌తో వాదించి ఓడిపోయినవాడు. ఆ ఓటమిని మనసులో పెట్టుకోకుండా, మేము మిమ్మల్ని మరచిపోలేదు, దారి దూరం, కానుక చిన్నదని అనుకోవద్దు అంటూ ఉత్తరంతో పాటు తెల్లని నూలువస్త్రాల జత పంపాడు. 654లో హ్యూయాన్‌త్సాంగ్ జవాబు రాశాడు. నలందలో తనకు గురువైన శీలభద్రుడు పోయాడని విని ఎంత దుఃఖపడ్డాడో నలంద భిక్షువు ఒకరికి రాసిన ఇంకో ఉత్తరంలో చెప్పుకున్నాడు. నదిలో పోయిన గ్రంథాల జాబితా జతచేసి, వీలైతే మళ్లీ పంపమని కోరాడు. ఎడారులూ మంచుకొండలూ దాటి, ఏళ్ల తరబడి చేతులు మారుతూ వెళ్లిన ఉత్తరాలమ్మా ఇవి. నేను చదివిన చరిత్రలో ఏ యుద్ధమూ నన్ను ఇంతగా కదిలించలేదు.

ఇక ఊరి సంగతి. నేను ఊహించుకున్న చాంగాన్ ఇక్కడ నేల మీద దాదాపు లేదు. 582లో సుయి వంశపు పాలకులు గీత గీసినట్టు వేసి, తరవాతి తాంగ్ వంశపు చక్రవర్తులు పెంచిన ఆ నగరం 84 చదరపు కిలోమీటర్లు. చదరంగపు గళ్లలాంటి పేటలు, నడుమ దాదాపు 150 మీటర్ల వెడల్పున్న రాజవీధి. 904లో ఝూ వెన్ అనే సేనాని చక్రవర్తిని బలవంతంగా లోయాంగ్‌కు తరలిస్తూ, ఇక్కడి రాజభవనాలనూ ఇళ్లనూ విప్పించి, దూలాలను వెయ్ నదిలో వేసి తేలించుకుపోయాడు. కట్టెతో కట్టిన ఊరు కాబట్టి కట్టెగానే నది మీద వెళ్లిపోయింది. ఆ తరవాత ఈ ఊరు మళ్లీ చైనా మొత్తానికి రాజధాని కాలేదు. చాంగాన్ అన్న పేరు కూడా పోయి, 1369లో శియాన్ అయింది. పడమటి శాంతి అని అర్థమట. ఈ కథ గైడు అమ్మాయి చెబుతుంటే నాకు మన దిన్నే గుర్తొచ్చింది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటున్న రోజుల్లో స్తూపం రాళ్లు తవ్వి తీసి వాడారు. 1797లో కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చి చూసేనాటికే చాలా పోయాయి, మిగిలినవాటిలో మంచివి లండన్‌కూ చెన్నైకూ వెళ్లాయి. మనవి రాళ్లు కాబట్టి మ్యూజియాల్లోనైనా కనబడుతున్నాయి. ఇక్కడివాళ్లకు ఆ మాత్రం కూడా దక్కలేదు.

ఇప్పుడు కనిపించే కోటగోడ 1370ల నాటి మింగ్ వంశపు కట్టడం. చుట్టుకొలత 13.7 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్లు. ఇంత పెద్ద గోడ లోపలి ఊరు కూడా తాంగ్ నాటి నగరంలో ఏడో వంతు మాత్రమే అంటే, ఆనాటి విస్తీర్ణం ఎంతో నువ్వే ఊహించుకో. గోడ పైన సైకిళ్లు అద్దెకిస్తారు. ఇద్దరు తొక్కే సైకిలు తీసుకుని మీ అమ్మా నేనూ దక్షిణ ద్వారం నుంచి బయలుదేరి చుట్టూ తిరిగి అక్కడికే వచ్చాం. మధ్యమధ్య ఆగి నీళ్లు తాగుతూ రెండు గంటలు పట్టింది. మీ అమ్మ పెళ్లయ్యాక సైకిలు తొక్కడం ఇదే మొదలు. గంట గోపురం, భేరీ గోపురం దారిలో చూశాం. రాత్రి దీపాల్లో బాగుంటాయి.

మట్టి సైనికుల గురించి నువ్వు టీవీలో చూసే ఉంటావు కాబట్టి ఎక్కువ రాయను. ఊరికి తూర్పున లింతోంగ్ దగ్గర, 1974 మార్చిలో, వానలు లేక బావి తవ్వుతున్న రైతుల పారలకు తగిలిన సైన్యం అది. మొదటి గుంట ఒక్కటే 230 మీటర్ల పొడవు. క్రీ.పూ. 221లో చైనానంతటినీ ఒక్కటి చేసిన చిన్ షి హువాంగ్ సమాధికి కాపలాగా వాళ్లను నిలబెట్టారు. సమాధిని మాత్రం ఇంతవరకూ తెరవలేదు. అంత సైన్యంలోనూ నేను ఎక్కువసేపు చూసింది మోకాలి మీద కూర్చున్న విలుకాడిని. వెనక నుంచి అతని చెప్పు అడుగు కనిపిస్తుంది. దాని మీద కుట్టు చుక్కలు కూడా చెక్కారు: వేళ్ల దగ్గరా మడమ దగ్గరా దగ్గరదగ్గరగా, మధ్యలో పలచగా. నేలలో పాతిపెట్టే బొమ్మకు, ఎవరూ చూడని చెప్పు అడుగున, కుట్టు ఎక్కడ గట్టిగా ఉండాలో తెలిసిన మనిషి చేసిన పని. కొన్ని బొమ్మల మీద పనివాళ్ల పేర్లున్నాయి. తప్పు జరిగితే ఎవరిదో తెలియడానికి వేయించారట. కారణం ఏదైనా ఆ పేర్లు మిగిలాయి.

శిలాశాసనాల వనం అనే మ్యూజియంలో మాత్రం నేను సగం రోజు ఉండిపోయాను. 1087లో మొదలైన చోటు. 837లో చెక్కించిన కన్ఫ్యూషియస్ సంప్రదాయ గ్రంథాలు అక్కడున్నాయి. 114 పలకలు, రెండు వైపులా కలిపి ఆరున్నర లక్షల అక్షరాలు. చేతిరాత ప్రతుల్లో తప్పులు దొర్లుతుంటే, విద్యార్థులు వచ్చి సరిచూసుకోవడానికి పాఠాన్ని రాతిలో నిలిపారు. పక్కనే 781 నాటి క్రైస్తవ శాసనం, పైన శిలువ, చైనా లిపితో పాటు సిరియా లిపి. ఒక మూల ఒకతను శాసనానికి తడికాగితం అంటించి, నల్లసిరా అద్దిన గుడ్డముద్దతో తట్టుతున్నాడు. తట్టిన చోటల్లా అక్షరం తెల్లగా పైకి వస్తోంది. మన శాసన పరిశోధకులు ఎస్టాంపేజీ అనేది ఇదే. సిరా వాసనా ఆ టపటప చప్పుడూ ఇంకా నాతోనే ఉన్నాయి.

భోజనానికి ముస్లిం పేటకు వెళ్లాం. హుయి ముస్లింలు తరతరాలుగా ఉంటున్న పేట అది. వాళ్ల పెద్ద మసీదు చెక్కస్తంభాలతో, వంపు తిరిగిన పెంకుల కప్పుతో అచ్చం చైనా ఆలయంలా ఉంటుంది; గోడల మీద అరబ్బీ అక్షరాలు చూస్తేగాని తెలియదు. అక్కడి పావ్‌మో అనే వంటకానికి ముందు ఖాళీ గిన్నె, గట్టి రొట్టె మన ముందు పెడతారు. రొట్టెను శనగగింజంత ముక్కలుగా మనమే తుంచి ఇస్తే, లోపల మాంసపు పులుసులో ఉడికించి, తీపి వెల్లుల్లి, మిరపముద్దతో తెస్తారు. పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ మా ముక్కలు పెద్దవిగా ఉన్నాయని లేచివచ్చి, మీ అమ్మ గిన్నెలోవి తీసి, గోటితో ఎలా తుంచాలో చూపించింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ అరగంట కూర్చుని తుంచారు.

ఈ రోజు పొద్దున ఊరికి దక్షిణంగా కొండవాలులో ఉన్న షింగ్‌జియావ్ ఆలయానికి వెళ్లాం. హ్యూయాన్‌త్సాంగ్ అస్థికలను 669లో అక్కడికి తెచ్చారు. అయిదంతస్తుల ఇటుక గోపురం ఆయనది, పక్కన రెండు చిన్నవి శిష్యులవి; ఆ ఇద్దరిలో ఒకరు కొరియా దేశస్థుడు. మేము తప్ప సందర్శకులెవరూ లేరు. బయలుదేరే ముందు నీకు చెప్పలేదు గాని, మంగళగిరి వెళ్లి తెల్లని నూలుపంచెల జత కొన్నాను. ప్రజ్ఞాదేవుడి ఉత్తరం చదివిన నాటి నుంచీ మనసులో ఉన్న కోరిక అది. ధాన్యకటకం నుంచి వచ్చామనీ, ఆయన అక్కడ చదువుకున్నాడనీ గైడు అమ్మాయి చేత చెప్పించాను. అక్కడున్న వృద్ధభిక్షువు జతను రెండు చేతులా అందుకుని, అంచును వేళ్లతో తడిమి చూసి, ధాన్యకటకం అన్న పేరును ఆయన తన భాషలో మెల్లగా పలికాడు. తరవాత గోపురం ముందున్న రాతి అరుగు మీద ఉంచాడు. మీ అమ్మ దణ్ణం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

ఆదివారం రాత్రికి హైదరాబాదు చేరతాం. స్టేషనుకు, విమానాశ్రయానికి అంటూ సెలవు పెట్టుకోవద్దు, మేమే వస్తాం. మ్యూజియంలో ఒక శాసనం ఎస్టాంపేజీ కొన్నాను; మన బడికి ఇవ్వాలని ఉంది. మడత పడకుండా గొట్టంలో చుట్టి తెస్తున్నాను, మంచి అద్దం వేసి కట్టేవాళ్లు అక్కడ ఎవరైనా ఉంటే కనుక్కుని ఉంచు.

ఆశీస్సులతో,
నాన్న