చెంగాకు, చెనిక్కాయ నూనె సంగతి

తిరుపతి,
శనివారం రాత్రి

ఒరేయ్ చెంగా,

ముందు నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టేసి, తర్వాత చదువు. నీ ఉత్తరం వచ్చి నెలా పదిరోజులైంది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చున్నా. ఒకసారి కరెంటు పోయింది. ఒకసారి నిద్ర పట్టేసింది. మూడోసారి, నువ్వడిగిన ‘ఒకటిన్నర’ సంగతికి ఏం రాయాలో తెలియక పెన్ను మూసేశా. ఇప్పటికీ తెలియదు. చివర్లో చూద్దాం.

నీ ఆర్మీ ట్రైనింగ్ అయ్యాక ప్రమాణం చేసే కసం పరేడ్ చూడ్డానికి మామ రేపు పొద్దున రేణిగుంటలో బండెక్కుతున్నాడు కదా, దారిలో మా రూముకొచ్చి ఈ కవరు తీసుకుంటానన్నాడు. అందుకే ఈ రాత్రి ఎట్లాగైనా రాసేయాలి. ఆదివారం నీ చేతికి ఫోను వచ్చేది పది నిమిషాలు. అది మీ అమ్మ ఏడవడానికే సరిపోదు, ఇంక నా కథ ఎప్పుడు వింటావు?

ఇంటి సంగతులు గబగబా చెప్పేస్తా. అమ్మ బాగుంది. చెల్లికి నర్సింగ్ సీటు వచ్చింది. మా నాయన మళ్ళీ బోరు వేయిస్తానంటున్నాడు, ఎవరు చెప్పినా వినడు. మీ ఎర్రావు ఈనింది, కోడెదూడ. నువ్వు లేవని ఈసారి గంగమ్మ జాతరలో మన బ్యాచిలో ఎవరూ మాతంగి వేషం కట్టలేదు. మీ పెద్దమ్మ తన చీర ఇంకా అడుగుతూనే ఉంది. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. చెంగా, నా పేరు ఆఫీసు రిజిస్టర్లోకి ఎక్కింది. సొంత దస్తూరీతో, సంతకంతో సహా. ఎందుకు ఎక్కిందో చదివాక పగలబడి నవ్వద్దు, పక్క మంచాలవాళ్ళు లేస్తారు.

ఇక్కడి ఒక యూనివర్సిటీలో అప్రెంటిస్‌గా చేరానని నీకు తెలుసు. అదేదో పెద్ద ఉద్యోగమని మీ అమ్మ ఊరంతా చెప్పింది, వద్దన్నా వినలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం నేను ఉద్యోగిని కాదు, ట్రైనీని. ఏడాది కాంట్రాక్టు. దాన్ని చెన్నై తారామణిలో ఉండే బోర్డు రిజిస్టర్ చేస్తుంది, ఏడాది అయ్యాక సర్టిఫికెట్ ఇస్తుంది. తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలేమీ లేదు. నా కాంట్రాక్టులో స్టైపెండ్ నెలకు 9,000. అందులో సగం కేంద్రం కడుతుందట. ఎవరు కడితే ఏంది, మొదటి రెండు నెలలు ఎవరూ కట్టలేదు. మూడో నెలలో మొత్తం ఒక్కసారే పడేసరికి నేను లీలామహల్ సర్కిల్లో నిలబడి ఫోను వంక చూసుకుంటూ నవ్వుకున్నా. పక్కనున్న ఆటో ఆయన ‘ఏమి సామీ, లాటరీనా?’ అన్నాడు.

బీఎస్సీ కెమిస్ట్రీ కాబట్టి ల్యాబులో తెల్లకోటు వేసి కూర్చోబెడతారనుకున్నా. ఆర్డరు పట్టుకొని పోతే డిపార్ట్‌మెంటు వెనకున్న రేకుల షెడ్డు చూపించారు. గాజు ఊదే వర్క్‌షాపు అది. ఫ్లాస్కులు, కండెన్సర్లు పగిలితే అతికేది, దుకాణాల్లో దొరకని ఆకారాలు చేసిచ్చేది అక్కడే. లోపల ఒకే ఒక్క పెద్దాయన. ముప్పయ్యేళ్ళుగా అక్కడే ఉన్నాడట. నన్ను పైనుంచి కిందికి చూసి, బల్లమీదున్న గాజు గొట్టం చూపించి, ‘అది ఇట్లివ్వు’ అన్నాడు. ఇద్దామని పట్టుకున్నా. అప్పుడే మంటలోంచి తీసినదంట!

వేడి గాజు, చల్లని గాజు చూడ్డానికి ఒకేలా ఉంటాయిరా. ఇనుములాగా ఎర్రగా కనపడుతూ ఉండదు. బొటనవేలు, చూపుడువేలు బొబ్బలెక్కినాయి. ఆయన నీళ్ళ బకెట్టు ముందుకు తోసి, ‘ఇంక జన్మలో మర్చిపోవు’ అన్నాడు. అదీ నా మొదటి పాఠం. మన స్కూల్లో గొడుగుతో కొట్టే పచ్చ గొడుగు సార్ గుర్తొచ్చాడు. కాకపోతే ఈయన గొడుగు విరగ్గొట్టలేదు.

కానీ పని మాత్రం... ఎట్లా చెప్పాలి. ఆయన ఊదుతుంటే చూడాలి నువ్వు. గ్యాసు, ఆక్సిజన్ కలిసిన మంట నీలంగా సూదిలా నిలబడుతుంది. గాజు మంటలోకి పోగానే దాంట్లోని సోడియం వల్ల పసుపు వెలుగు భగ్గుమంటుంది, కళ్ళు చెదిరి ఏమీ కనపడదు. దానికి డిడీమియం అద్దాల కళ్ళజోడు పెట్టుకుంటాం. ఆ పసుపంతా మాయమై, లోపల గాజు తేనెపాకంలాగా వంగడం తేటగా కనిపిస్తుంది. ఒక చేత్తో గొట్టం తిప్పుతూనే ఉండాలి, ఆపితే కిందికి జారుతుంది. నోట్లో రబ్బరు ట్యూబు. రవంత ఊదాలి, ఎక్కువైతే బుడగై టప్పుమంటుంది. నేను మొదటి నాలుగు నెలలు ఊరికే గొట్టాలు తిప్పానంతే. చపాతీ కర్ర తిప్పినట్టు, మంట లేకుండా.

సరే, సంగతికి వస్తా. పోయిన బుధవారం పెద్దాయన కూతురి పెళ్ళి కార్డులు పంచడానికి పలమనేరు వైపు పోయాడు. పోతూ పోతూ, ‘నేనొచ్చేదాకా మంట ముట్టించొద్దు’ అన్నాడు. తల ఊపినా.

గురువారం మధ్యాహ్నం పీలేరు అక్క ఒకామె వచ్చింది, రీసెర్చ్ స్కాలరు. చేతిలో రౌండ్ ఫ్లాస్కు. దాని పక్క గొట్టం మొదలంటా విరిగిపోయింది. శుక్రవారం దాంట్లో గాలి లాగేసి, వాక్యూమ్‌లో డిస్టిలేషన్ పెట్టుకోవాలంట, సోమవారానికి వాళ్ళ గైడు ఫలితాలు అడుగుతాడంట. పెద్దాయన లేడన్నా. ఆమె ఏమీ అనలేదు. ఫ్లాస్కును అట్లాగే ఒళ్ళో పెట్టుకొని స్టూలు మీద కూర్చుంది. ఒక్కమాట అడిగి ఉంటే కాదనేవాణ్ణి చెంగా. అడగలేదే!

ముట్టించా.

ర్యాకులోంచి సరిపోయే గొట్టం తీసి, ఆకురాయితో గీత పెట్టి, తడి చేసి విరిచా. ఫ్లాస్కు మూతికి, ఊదే రబ్బరు ట్యూబు దూర్చిన బిరడా బిగించా. విరిగినచోట సన్నమంట పెట్టి, ఊది, బుడగ తెప్పించి, దాన్ని పగలగొట్టి రంధ్రం చేశా. రెండు అంచులూ కరిగించి తాకించా. అబ్బ! వెన్నలాగా అతుక్కుంది. మామూలుగా నేను పావుగంట గుంజులాడే అతుకు, ఆరోజు గొట్టం తనంతట తనే కరిగి వచ్చింది. చేయి తిరిగిందిరా మునిగా అనుకున్నా. అక్క చప్పట్లు కొట్టింది. ఫోటో తీసి ‘నా చేతి పని’ అని స్టేటస్ పెట్టా. నూటపన్నెండు మంది చూశారు. మా నాయన కూడా చూశాడు, బొమ్మ అర్థంకాక ‘కల్లు ముంతా?’ అనడిగాడు.

తర్వాత ఫ్లాస్కును ఓవెన్లో పెట్టా. అతికిన గాజును దాదాపు 560 డిగ్రీల్లో కొంతసేపు ఉంచి, మెల్లగా చల్లారనియ్యాలి, లేకపోతే లోపల బిగువు మిగిలిపోయి ఎప్పుడో ఒకప్పుడు చిట్లుతుంది. అదంతా పద్ధతిగానే చేశా. స్విచ్చి ఆపి, తలుపు తీయకుండా ఇంటికి పోయా. ఆ రాత్రి భవానీ నగర్లో పరోటా తిన్నా, నా డబ్బుతో, రెండు!

శుక్రవారం పొద్దున ఓవెన్ తెరిస్తే ఫ్లాస్కు ఒకచోట, గొట్టం ఒకచోట. అతుకు చుట్టూ కత్తితో కోసినట్టు.

అక్క పదింటికి వచ్చింది. రెండు ముక్కలూ చూసింది, నన్ను చూసింది. ‘తమ్ముడూ, ఫోటోలో బాగానే ఉండిందే’ అంది. వెటకారం కాదురా, నిజంగానే ఆశ్చర్యపోయింది. దానికంటే నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

అంతలో పెద్దాయన దిగాడు. పెళ్ళి కార్డుల సంచీ భుజానే ఉంది. బల్లమీద ముక్కలు చూశాడు. ముందు వాటి జోలికి పోలేదు. సిలిండర్ల దగ్గరికి పోయి వాల్వులు చూశాడు, పైపులు చేత్తో తడిమి చూశాడు. అప్పుడడిగాడు.

‘ఏ వరసలో ముట్టించినావు?’

‘ముందు గ్యాసు, తర్వాత ఆక్సిజన్.’

‘ఆర్పేటప్పుడు?’

‘ముందు ఆక్సిజన్, తర్వాత గ్యాసు.’

అప్పుడుగానీ సంచీ దించలేదు. విరిగిన గొట్టం తీసుకొని కొసలోంచి తొంగి చూశాడు. ‘ఇది యాడ తీసినావు?’ అన్నాడు. ర్యాకు చూపించా. లేచి పోయి అల్మారాలోంచి చెనిక్కాయ నూనె సీసా తెచ్చాడు.

చెంగా, ఆ సీసా గురించి ముందే చెప్పాలి. దాని పక్కనే ఆయన బొరుగుల డబ్బా ఉంటుంది. బొరుగుల్లో కలుపుకోడానికే పెట్టుకున్నాడనుకొని, ఆయన లేనప్పుడు రెండుసార్లు ఉల్లిగడ్డ, కారం, ఆ నూనె కలిపి కుమ్మేశా. గుర్తుపెట్టుకో.

నూనెను బీకర్లో పోశాడు. ర్యాకులోంచి ఇంకో గొట్టం తీసి ముంచాడు. నూనెలోకి పోయిన భాగం మాయం! నిజంగా మాయం రా. పైన గొట్టం ఉంది, కింద నూనెలో ఏమీ లేనట్టే ఉంది, బాగా కళ్ళు చిట్లిస్తే సన్నటి నీడ. తర్వాత నేను అతికిన గొట్టం ముంచాడు. అది ఎక్కడికీ పోలేదు, నూనెలో తళతళా మెరుస్తూనే ఉంది.

మాయమైంది బోరోసిలికేట్, ల్యాబు ఫ్లాస్కులు చేసే, వేడికి తట్టుకునే గాజు. వెలుగు దాంట్లో ఎంత వంగుతుందో చెనిక్కాయ నూనెలోనూ దాదాపు అంతే వంగుతుంది, అందుకే కంటికి అంచు దొరకదు. గ్లిజరిన్ అయితే ఇంకా బాగా కలిసిపోతుంది, కానీ నూనె చవక. మాయం కానిది సోడా గాజు, కిటికీలకూ సీసాలకూ వాడే రకం. అది వేడికి బోరోసిలికేట్ కంటే రెండున్నర రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. రెండూ కలిపి అతికితే వేడిగా ఉన్నంతసేపు అన్నదమ్ముల్లా ఉంటాయి, చల్లారేటప్పుడు ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఒకటి తక్కువ. ఇంక విడిపోక ఏం చేస్తాయి? ఓవెన్లో ఎంతసేపు ఉంచినా ఒకటే.

ఇంకోటి కూడా. సోడా గాజు తక్కువ వేడికే మెత్తబడుతుంది. అంటే ఆరోజు తిరిగింది నా చేయి కాదు. వెన్నలాగా అతుక్కోడానికి కారణం గొట్టమే. నేను రెండు పరోటాలు తిన్నది సోడా గాజు మహిమకు.

సోడా గొట్టం ఆ ర్యాకులోకి ఎట్లా వచ్చిందంటావా? చేరిన మొదటి వారంలో ర్యాకులన్నీ సర్దింది నేనే. ఎంత అందంగా సర్దానో! పొడవు ప్రకారం.

పెద్దాయన నూనె తిరిగి సీసాలో పోస్తూ, ‘ఇది తగ్గిపోతా ఉంది. ఎలుకలు తాగుతాయా ఏంది?’ అన్నాడు. ఒప్పుకున్నా. ఆయన ఒక నిమిషం నా వైపు చూసి, ‘దీంట్లో పదేళ్ళుగా దుమ్ము గొట్టాలు ముంచుతా ఉండా నాయనా, కడుపు బాగుందా?’ అన్నాడు. అక్క మొదటిసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే అప్పటికే కడుపులో ఏదో తిరుగుతున్నట్టు అనిపించింది.

తర్వాత రిజిస్టరు తీశాడు. తేదీ, వస్తువు, పని, చేసినవారు, రిమార్కులు. ముప్పయ్యేళ్ళుగా ‘చేసినవారు’ కింద ఆయన పొట్టి సంతకమే. ‘రాయి’ అన్నాడు. రాశా. రిమార్కుల్లో ఏం రాయాలన్నా. ‘జరిగింది రాయి’ అన్నాడు. ‘పగిలినది. సోడా గొట్టం’ అని రాసి సంతకం పెట్టా. అదీరా నేను రిజిస్టర్లోకి ఎక్కిన వైభవం.

శుక్రవారం మిగతా పూటంతా గొట్టాలు నూనెలో ముంచడం, తుడవడం, వేరు చేయడం. చొక్కా ఇంకా బజ్జీల కొట్టు వాసన కొడుతోంది. ఈరోజు పొద్దున చిత్తు ముక్కల మీద ఐదు అతుకులు వేయించాడు. ఐదూ వంకరే. ఆరోది అసలు ఫ్లాస్కు. ఫ్లాస్కుకు అంటుకున్న సోడా గాజునంతా ఆయనే మంటలో లాగేసి ఇచ్చాడు. మిగతాది నన్ను చేయమని పక్కన కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు, ఒక చెయ్యి గ్యాసు వాల్వు మీదే. ఈసారి గొట్టం వెన్నలా రాలేదు, మొండికేసింది. నిజం చెప్తున్నా, మొండికేస్తుంటే సంతోషమేసింది. సాయంత్రం చల్లారాక, అతుకులోంచి గాలి దూరుతుందేమో చూడ్డానికి, గాలి లాగే పంపుకు తగిలించారు. ముగ్గురం గోడవారన నిలబడ్డాం. పంపు మీటరు ముల్లు దిగింది, దిగి నిలిచింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. నిలిచే ఉంది!

రిజిస్టర్లో రెండో వరస రాశా. రిమార్కుల్లో ఏం రాయాలంటే, ‘ఏమీ రాయొద్దు. ఖాళీగా ఉంటే నిలబడినట్టు’ అన్నాడు. అప్పుడు వెనక్కి తిప్పి చూశా. ముప్పయ్యేళ్ళ రిమార్కుల గడులు దాదాపు అన్నీ ఖాళీ.

ఆయన వచ్చే జూన్‌లో రిటైరవుతున్నాడు. ఆ పోస్టు నింపరని ఆఫీసులో అందరూ అంటున్నారు, పగిలింది పారేసి కొత్తది కొనుక్కోమంటారట. నాది ఆగస్టు వరకు. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ షెడ్డులో నేనొక్కణ్ణే ఏం చేయాలో... అసలు తాళమైనా ఇస్తారో లేదో. నాయన పోలీసు కోచింగ్‌కు పొమ్మంటున్నాడు. నేనేమో, ఏడు నెలలు గొట్టం తిప్పిన చెయ్యి రా, ఊరికే... సరే వదిలేయ్. అంబాలాలో గాజు సామాన్లు, ల్యాబు పరికరాలు చేసే షాపులు చాలా ఉంటాయని పెద్దాయన చెప్పాడు. అక్కడ మీ కంటోన్మెంటు కూడా ఉందిగా? నీకు పోస్టింగ్ అక్కడ పడితే ఒక మాట కనుక్కో. పడకపోయినా కనుక్కో.

ఆదివారం పొద్దున

నిన్న రాస్తూనే నిద్రపోయా, బుగ్గమీద సిరా అంటింది. ఇప్పుడే కింద మామ గొంతు వినిపించింది, వాచ్‌మన్‌ను మన ఊరి భాషలో పలకరిస్తున్నాడు. సంచీలో అమ్మ చేసిన ఊరిబిండి పెట్టా. పైన నూనె బాగా పోసింది. భయపడకు, అది ఇంటి నూనె. గడ్డకట్టిన మైసూర్‌పాకు మాత్రం చెల్లి ప్రయోగం, నీ పళ్ళు నీ ఇష్టం.

‘ఒకటిన్నర’ గురించి నేను చెప్పాలనుకున్నదేంటంటే, ఆరోజు బస్టాండులో నువ్వు వెళ్ళాక ఆమె

మామ మెట్లెక్కేశాడు. చదివేస్తాడు, కవరు అంటిస్తున్నా.

ముని