లేవని వాళ్లకూ సాక్ష్యం ఉంటుంది

సంపాదకుల వారికి,

అయ్యా, మా ఇంటాయన మంచాన పడి వచ్చే సంక్రాంతికి 11 ఏళ్లు. పొగాకు ఆకు కాల్చే బ్యారన్‌లో పై వాసం మీద నిలబడి ఆకు కర్రలు అందుకుంటూ కాలు జారి పడ్డారు. నడుము కింద స్పర్శ లేదు. రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి పక్కకు తిప్పకపోతే వీపున పుండ్లు పడతాయి. ఒక చెయ్యి భుజం కింద, ఒక చెయ్యి తుంటి కింద పెట్టి, నేను "ప్రభువా" అంటే ఆయన "స్తోత్రం" అంటారు, ఆ ఊపున తిప్పేస్తాను. తర్వాత మడమల కింద పాత చీర మడత సర్దుతాను. పగలు నేను గ్రేడింగ్ పనికి పోతే మా ఆడబిడ్డ కనిపెట్టుకుని ఉంటుంది.

మొన్న వేసవిలో మా దగ్గర మూడు రాత్రులు సువార్త సభలు జరిగాయి. ఆయన్ను ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. బయటి ఊరి నుంచి వచ్చిన ప్రసంగీకులు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆయన లేవలేదు. "ఈ ఇంట్లో విశ్వాసం చాలలేదు" అని మైకులోనే అనేశారు. తిరిగొచ్చేటప్పుడు దారిపొడుగునా మా ఆయన నా మొహం చూడలేదు. అందుకే ఈ ఉత్తరం.

అలా అనేవాళ్లు ఒకసారి ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కి రావాలి. నెల్లూరులో 1840లో మొదలైన మిషన్‌ను, ఫలితం కనబడటం లేదు, మూసేద్దామా అని 1853లో అమెరికాలో పెద్దలు చర్చ పెట్టారు. ఆ మరుసటి ఏడు జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌లో పనిచేసే జూయెట్ దొర, దొరసాని, నర్సు అనే పేరుగల తెలుగు విశ్వాసి, జూలియా, రూతు, ఈ ఐదుగురే ఆ కొండెక్కి ఒంగోలు కోసం మోకరించారు. దిగిన మర్నాడు ఏం జరిగింది? ఏమీ జరగలేదు. అదే మిషన్ పంపిన క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. 1867 జనవరి 1న సంఘం కట్టుకుంటే ఉన్నది ఎనిమిది మంది. ఆ మధ్య 12 ఏళ్లలో ఎవరైనా జూలియమ్మను నిలేసి, నీ విశ్వాసం చాలలేదమ్మా అని ఉంటే ఆమె ఏం చెప్పుకునేది?

ఇంకోటి. పెద్ద కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మనవాళ్లకు కూలి ఇప్పించిన క్లౌ దొర, తిండి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. అడిగినవాళ్లు నెలల తరబడి ఆగారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. అందరం ఆ లెక్కే చెప్పుకుంటాం. నాకు మాత్రం, కడుపు మాడుతున్నా ఆగిన ఆ నెలలే పెద్దవి.

పౌలు భక్తుడు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు. తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబే వచ్చింది. ఆయనకు విశ్వాసం తక్కువైందని ఏ ప్రసంగీకుడూ అనడు గదా!

ఈ మాటే మా పాస్టరు గారికి చెప్పుకుని ఏడ్చాను. పోయిన నెల ఆదివారం ఆయనే నన్ను సాక్ష్యానికి, అంటే దేవుడు చేసిన మేలు సంఘం ముందు చెప్పడానికి, లేపారు. ఏం చెప్పాలో తోచలేదు. "మా ఆయన ఇంకా లేవలేదు. నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను" అన్నాను. అంతే, కూర్చున్నాను. ఆరాధన అయ్యాక వెనక వరస చాప మీద కూర్చునే ఒక పిల్ల తల్లి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆమె బిడ్డకు ఎనిమిదేళ్లొచ్చినా మాట రాలేదట. నాలుగేళ్లుగా ఒకే సంఘంలో ఉన్నాం, ఆ సంగతి నాకు తెలియదు. జవాబు వచ్చినవాళ్లే లేచి నిలబడే చోట ఆమె ఎలా నోరు తెరుస్తుంది?

అయ్యా, మా జిల్లాలో సంఘాలు నడిపే పెద్దలకు మీ పత్రిక ద్వారా నా మనవి ఒక్కటే. సాక్ష్యాల వేళలో, జవాబు ఇంకా రానివాళ్లకూ రెండు నిమిషాలు ఇవ్వండి. వాళ్ల విశ్వాసం ఎంతో మైకులో తూకం వేయకండి. వచ్చే జనవరి 1న మా ఆడబిడ్డను ఆయన దగ్గర ఉంచి నేను ఆ కొండకు పోతున్నాను. ఆ బిడ్డ తల్లి కూడా వస్తానంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
టంగుటూరు మండలం, ప్రకాశం జిల్లా