చెరువు కట్ట పార్కు వాకర్స్ సంఘం వార్షిక నివేదిక (2024 దసరా నుంచి 2025 దసరా వరకు)

గౌరవ అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఈ రోజు సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా పనిలోకి వస్తున్నాను. ఈ ఏడాది యోగా శిబిరం పెట్టాం, రెండుసార్లు బీపీ, షుగర్ పరీక్షలు చేయించాం, వానలు పడగానే వేప, కానుగ మొక్కలు నాటాం. ఫొటోలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. కానీ ఏడాది పొడుగూతా మనకు నిద్ర లేకుండా చేసింది నీళ్ల వైపు నడకబాటే.

2024 సెప్టెంబర్ మొదట్లో కోదాడను ముంచిన వానలు గుర్తున్నాయి కదా. అప్పుడే మన చెరువూ నిండి అలుగు పోసింది. అందరం సంతోషపడ్డాం, కట్ట మీద సెల్ఫీలు దిగాం. వారం తిరగకముందే బతుకమ్మ ఘాట్ నుంచి తూము దాకా బాట నీళ్లలోకి ఒరగడం మొదలైంది. మొదట రెండు పేవర్ బ్లాకులు కుంగాయి. ఒకదాన్ని గడ్డపారతో లేపి నేనే కింద చెయ్యి పెట్టి చూశాను. ఇసుక లేదు. మోచేతి దాకా చెయ్యి పోయింది, వేళ్లకు చల్లగా నీళ్లు తగిలాయి, లోపల ఎండ్రికాయ కదిలింది. పైకి నున్నగా కనిపించే బాట కింద అంతా డొల్ల. రోజూ పొద్దున ఎంతమంది పెద్దవాళ్లు దాని మీద నడిచారో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

ఈ చెరువుకు నీరటిగా, అంటే తూము తీసి పొలాలకు నీళ్లు వదిలే మనిషిగా పనిచేసిన పెద్దాయనను తీసుకొచ్చి చూపించాం. అల వచ్చి కొట్టినందుకు కాదు, వెనక్కి పోతూ గుంజినందుకు మట్టి పోయిందని ఆయన చెప్పాడు. రాళ్లు తీయించి చూస్తే ఆయన మాటే నిజమైంది. కట్ట వాలు మీద పేర్చే రాతి పరుపు కింద ఇసుక, కంకర పొరలు ఉండాలి. మట్టిని ఆపి నీళ్లను మాత్రమే వదిలేవి అవే. మన దగ్గర మొరం మీదనే రాళ్లు పేర్చి, సందులకు సిమెంట్ పూశారు. చెరువు నీళ్లు తగ్గినప్పుడు కట్టలో ఇంకిన నీళ్లు బయటికి రావడానికి దారి లేక రాళ్లను తోశాయి. సిమెంట్ పగిలింది, ఆ పగుళ్లలోంచి మొరం జారిపోయింది. దానికి తోడు ఏటా నిమజ్జనం నాడు క్రేన్లు, ట్రాక్టర్లు సరిగ్గా అంచు మీదే ఆపుతున్నారు. వందల ఏళ్ల కిందట కందూరు చోడ రాజుల కాలంలో కట్టిన పానగల్లు ఉదయ సముద్రం చెరువు ఈ రోజుకీ నల్లగొండకు నీళ్లిస్తోంది. మన బాట పట్టుమని పదేళ్లు ఆగలేదు.

దరఖాస్తుల సంగతి క్లుప్తంగా చెబుతాను. కట్ట మాది కాదని ఒక ఆఫీసు, పార్కు మాది కాదని ఇంకో ఆఫీసు. నాలుగు నెలలు తిరిగాం. ఒకసారి ఇద్దరు వచ్చి టేపు పట్టి కొలిచారు, రేపే ఎస్టిమేట్ వేస్తామన్నారు, మళ్లీ కనిపించలేదు. చివరికి మా ఖర్చుతో మేమే చేసుకుంటాం, కాగితం ఒక్కటి ఇవ్వండి అంటే ఇచ్చారు. ఆ కాగితం కదిలించిన ఇంజినీరు గారికి సంఘం రుణపడి ఉంటుంది.

నీళ్లు బాగా తగ్గిన ఏప్రిల్, మే నెలల్లో ఘాట్ పక్కన 60 మీటర్ల పని పూర్తి చేశాం. బ్లాకులన్నీ ఊడదీసి పక్కన పేర్చాం. కట్ట వాలును ఒకటికి రెండుగా సరిచేసి, అడుగున కాలువ తీసి పెద్ద రాళ్లతో ఆనకం ఇచ్చాం. వాలు మీద ముందు ఇసుక, తర్వాత కంకర, ఆపైన రాతి పరుపు. రాళ్లు పేర్చిన వడ్డెర మేస్త్రీ పని చూసినవాళ్లు మర్చిపోలేరు. ప్రతి రాయినీ సుత్తితో తట్టి విని, పగులున్నదాన్ని పక్కన పడేశాడు. పొడవు వైపు కట్టలోకి, చిన్న మొహం బయటికి పెట్టి, సందుల్లో చిన్న రాళ్లు బిగించాడు. సిమెంట్ ఒక్క తట్ట కూడా వాడనివ్వలేదు. బాట కింద మొరం జానెడు జానెడుగా పోసి, తడిపి, రోలర్ తిప్పించాం.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. శ్రమదానానికి పేర్లిచ్చినవాళ్లు 84 మంది. ఏ ఆదివారం చూసినా పది మందికి మించి రాలేదు. వాట్సాప్‌లో చప్పట్ల బొమ్మలు పెట్టిన చేతులు ఒక్కరోజైనా పార పట్టి ఉంటే మే చివరి వానకు ముందే తూము దాకా పోయేవాళ్లం. పెళ్లిళ్లు, ఎండలు అందరికీ ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో కూడా ప్రతి ఆదివారం వచ్చి బ్లాకులు లెక్కపెట్టి అందించిన మన రిటైర్డ్ హెడ్మాస్టర్ గారికి 72 ఏళ్లు.

కొలతలు చూసిన రిటైర్డ్ అసిస్టెంట్ ఇంజినీరు గారికి, డీజిల్ ఖర్చు మాత్రమే తీసుకుని ట్రాక్టర్ తిప్పిన రైతన్నకు, రోజూ అంబలి, మజ్జిగ తెచ్చిన మహిళా సభ్యులకు, రోలర్ ఇప్పించిన కాంట్రాక్టరు గారికి, గేటు దగ్గర టిఫిన్ బండి నడిపే చెల్లెకు, వడ్డెర బృందంలోని తొమ్మిది మందికీ పేరుపేరునా ధన్యవాదాలు. జమాఖర్చుల కాగితం మీ చేతుల్లో ఉంది, కోశాధికారి గారు సంతకం చేశారు. రాళ్లకు, కూలికి పోను మిగిలింది తక్కువే. చందా బాకీ ఉన్నవాళ్లు దయచేసి ఇవాళే కట్టండి.

పోయినేడు బతుకమ్మకు తాడు కట్టి, ఐదుగురు ఐదుగురిగా ఆడబిడ్డలను నీళ్ల దగ్గరికి పంపాం. కొందరు భయపడి బతుకమ్మను ఇంకొకరి చేతికిచ్చి వెనక్కి పోయారు. ఈ ఏడాది సద్దుల బతుకమ్మ నాడు చెరువు మళ్లీ నిండుగా ఉంది. తంగేడు, గునుగు పూలతో కట్టంతా నిండింది. ఎత్తు బతుకమ్మ పట్టుకున్న ఒక ముసలమ్మ బాట అంచుకు వచ్చి ఆగింది. ముందు కుడికాలు మోపి రెండుసార్లు అదిమి చూసుకుంది. తర్వాత ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఘాట్ మెట్లు దిగింది. అక్కడే నిలబడ్డ మేస్త్రీ ఆమెను చూస్తూ ఉండిపోయాడు. పాటలు ఆగి, సత్తు పంచుకుని, జనం ఇళ్లకు పోయేసరికి రాత్రి పది దాటింది. ఒక్క బ్లాకు కదల్లేదు, మర్నాడు పొద్దున్నే పోయి చూశాను.

తూము వైపు దాదాపు 40 మీటర్లు ఇంకా మిగిలింది. అక్కడ సర్కారు తుమ్మ వేర్లు కట్టలోకి పోయాయి, ఎలుక బొరియలు కూడా ఉన్నాయి. ఆ పని పూర్తయ్యే వరకూ అటువైపు నడవొద్దు, పిల్లల్ని పోనివ్వొద్దు. నిమజ్జనం వాహనాలు అంచుకు రాకుండా రాతి దిమ్మెలు పెట్టే తీర్మానం ఇవాళ మీ ముందు పెడుతున్నాం. తుమ్మ కొట్టే పని వచ్చే ఆదివారం పొద్దున 6 గంటలకు మొదలవుతుంది. గొడ్డలి, పార ఉన్నవాళ్లు తెచ్చుకోండి, లేనివాళ్లకు సంఘం ఇస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి