ఆఫర్ లెటర్‌లో ఒక పని, సీట్లో ఇంకో పని

బెంగళూరులో కొన్ని ఐటీ సంస్థలు ఒక ఉద్యోగం పేరు చెప్పి చేర్చుకుని, చేరాక వేరే పని అప్పగించడం మామూలైపోయింది. మారతహళ్లిలో పదకొండేళ్లుగా పీజీ హాస్టల్ నడుపుతున్నాను. ఉండేవారిలో సగానికి పైగా అనంతపురం, కడప, చిత్తూరు పిల్లలే. మూడో అంతస్తులోని మదనపల్లె కుర్రాడు ఆరు నెలలు జావా నేర్చుకున్నాడు, డెవలపర్ అని రాసిన ఆఫర్ లెటర్‌ను ఇంటికి వాట్సాప్‌లో పంపి మురిసిపోయాడు. ఇప్పుడు రాత్రి తొమ్మిదికి క్యాబ్ ఎక్కి, తెల్లవార్లూ సపోర్ట్ డెస్క్‌లో ఎవరెవరివో పాస్‌వర్డ్‌లు మార్చి ఇచ్చి, మేము ఇడ్లీ వడ్డించే వేళకు తిరిగొస్తున్నాడు. తండ్రికి మాత్రం ఇంకా కోడింగే అని చెబుతున్నాడు. మానేద్దామంటే నోటీసు 90 రోజులు. కొత్తగా పిలిచేవారేమో నెలలోపు రమ్మంటారు. నచ్చకపోతే వదిలేయవచ్చు కదా అనే పెద్దమనుషులు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి. ఉద్యోగ నిబంధనలను సంస్థలు స్పష్టంగా రాసిపెట్టాలనే 1946 నాటి పారిశ్రామిక ఉపాధి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం నుంచి ఐటీ రంగానికి మినహాయింపు ఇచ్చినప్పుడు, సంస్థల్లో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలని కర్ణాటక ప్రభుత్వం షరతు పెట్టింది. మా హాస్టల్‌లో అడిగి చూశాను, ఆ కమిటీ పేరు విన్నవారు ఒక్కరూ లేరు. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో ఉండే కార్మిక శాఖ అధికారులు ముందు ఈ కమిటీలు ఉన్నాయో లేవో తనిఖీ చేయాలి. నియామక పత్రంలో చేయాల్సిన పని, షిఫ్టు విడిగా రాయించాలి. మొదటి మూడు నెలల్లో పని మారిస్తే, ఉద్యోగి 15 రోజుల నోటీసుతో, జీతంలో కోత లేకుండా వెళ్లిపోయే వీలు కల్పించాలి.

- ఒక పీజీ నిర్వాహకుడు, మారతహళ్లి, బెంగళూరు