పెన్సిల్ గీత చెరగలేదు

మా ఇంట్లోని హ్యారీ పాటర్ ఏడో పుస్తకం వరదలో తడిసి కూడా బతికింది. సాయం చేసినవాళ్ళకి పేరుపేరునా నమస్కారం పెట్టాలని ఉంది. కానీ కొందరి పేర్లు నాకు తెలియవు, తెలిసినవాళ్ళేమో పేర్లు రాయొద్దన్నారు. అందుకే ఇలా అందరికీ కలిపి రాస్తున్నాను.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1 ఆదివారం బుడమేరు వాగు పొంగి మా మీద పడింది. చూస్తుండగానే గుమ్మం దాటి నడుం లోతు వచ్చింది. అమ్మానాన్నలను పట్టుకుని పై వాటాకి ఎక్కేశాం. నాన్న బీపీ మాత్రలు, సర్టిఫికెట్ల ఫైలు, సగం బస్తా బియ్యం, అంతే తీసుకోగలిగాం. పై వాటా పిన్నిగారు మూడు రాత్రులు మమ్మల్ని ఇంట్లో మనుషుల్లా చూసుకున్నారు. కరెంటు లేదు, తాగే నీళ్ళు లేవు. ఉన్న రెండు క్యాన్ల నీళ్ళు కూడా గ్లాసుతో కొలిచి అందరికీ సమానంగా పోశారు. పిన్నిగారూ, ఆ గ్లాసు నేను మర్చిపోను.

మా వీధిలోనే షాపులు, ఆటోలు, కుట్టు మిషన్లు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ ముందు పుస్తకం గురించి మాట్లాడటానికి నాకు నోరు రాలేదు. నాలుగో రోజు పడవ తెచ్చిన కుర్రాళ్ళే అడిగారు, "అక్కా, కింద ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?" అని. నేను ఏం లేవన్నాను. నాన్న మాత్రం "అమ్మాయి పుస్తకం ఉంది బాబూ, నా మంచం మీద" అన్నారు. వాళ్ళలో ఒకబ్బాయి ఆ మురికి నీళ్ళలో ఛాతీ లోతున లోపలికి వెళ్ళాడు. కింది అరలో ఉన్న ఆరు పుస్తకాలు అప్పటికే బురద ముద్ద. పరుపు తేలడం వల్ల ఏడోది పూర్తిగా మునగలేదు. తల మీద పెట్టుకుని తెచ్చాడు.

అది హ్యారీ పాటర్ చివరి పుస్తకం. ఏ షాపుకి వెళ్ళినా దొరికే పుస్తకమే. దానికోసం ఇంత ఆరాటం దేనికని కొందరు అడిగారు, చెప్తాను.

2001లో, నాకు పదకొండేళ్ళప్పుడు, తెలుగు మీడియం నుంచి ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. క్లాసులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆటోనగర్‌లో లేత్ పని చేసే మా నాన్న లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో వెతికి, ఎర్ర రైలింజన్ బొమ్మ ఉన్న మొదటి భాగం తెచ్చారు. నాకూ, కథలోని ఆ పిల్లాడికీ ఒకటే వయసు. డిక్షనరీ పక్కన పెట్టుకుని పగలు నాలుగు పేజీలు చదివేదాన్ని. రాత్రి డాబా మీద చాప వేసుకుని తమ్ముడికి, నాయనమ్మకి అదే కథ తెలుగులో చెప్పేదాన్ని. నాకు ఇంగ్లీషు వచ్చింది ఆ చాప మీదే.

నాయనమ్మకి చదువు రాదు. కానీ ఆ కథ ఆమెకు అర్థమైనంతగా నాకు అర్థం కాలేదేమో అనిపిస్తుంది. విలన్ పేరు పలకడానికి అందరూ భయపడతారని నేను చెప్తే ఆమె ఏమీ ఆశ్చర్యపోలేదు. "రాత్రిపూట మనం పాముని పాము అంటామా? పురుగు అనమూ?" అంది. ఆ పిల్లాడు చదివే మంత్రాల బడిలో కాపలాదారు హాగ్రిడ్‌ని గడ్డపాయన అనేది. స్నేప్‌ని జిడ్డుజుట్టు మాస్టారు అనేది. నాలుగో భాగం తర్వాత ఐదోది 2003 జూన్ దాకా రాలేదు. ఆ మధ్యలో పాత భాగాలే మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఎక్కడైనా ఒక ముక్క వదిలేస్తే పట్టేసుకునేది.

2005లో ఆరో భాగం వచ్చింది. విలన్ తన ప్రాణాన్ని ముక్కలు చేసి ఒక్కో వస్తువులో దాచాడని చెప్పగానే, "ఓస్, మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టేగా! ఫకీరుకి ఒక్క చిలక సరిపోయింది, వీడికి చావంటే మరీ భయం" అంది. ఆ భాగం చివర్లో ఆ బడి పెద్దాయన డంబుల్‌డోర్‌ని స్నేపే చంపేస్తాడు. తమ్ముడు ఏడ్చి ఏడ్చి నిద్రపోయాడు. నేను స్నేప్‌ని తిట్టని తిట్టు లేదు. నాయనమ్మ మాత్రం తమలపాకు ఈనె తీస్తూ, "ఆ మాస్టారు చెడ్డోడు కాదే. చూస్తూ ఉండు" అంది. ఎందుకు అంటే చెప్పలేదు. మరుసటి ఏడాది కార్తీకంలో ఆమె వెళ్ళిపోయింది.

చివరి పుస్తకం 2007 జూలై 21, శనివారం వచ్చింది. నేను ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉన్నాను. అక్కడ కథల పుస్తకం కనిపిస్తే లాగేసుకునేవారు. నాన్న ఆ పొద్దున పని మానుకుని షాపు ముందు నిలబడి పుస్తకం కొన్నారు. అమ్మకి ఒంట్లో బాగాలేదని చెప్పి నన్ను రెండు రోజులు ఇంటికి తీసుకొచ్చారు. మొదటి పేజీలో ఇంకు పెన్నుతో నా పేరు, తేదీ రాసి చేతిలో పెట్టారు. 607 పేజీలు. అదే డాబా మీద తమ్ముడికి చదివి చెప్తూ ముప్ఫై మూడో అధ్యాయం దగ్గరికి వచ్చాను. స్నేప్ అంతకాలం ఎవరి కోసం, ఎందుకు అలా బతికాడో తెలిసేది అక్కడే. ఇద్దరం చాప మీద ఖాళీగా ఉన్న చోటు వైపు చూశాం. ఆ పేజీ అంచున పెన్సిల్‌తో రాశాను: "నాయనమ్మా, నువ్వు చెప్పిందే నిజం."

వరదలో తడిసిన పుస్తకం అదే.

ఏం చేయాలో తెలియక ఎండలో పెట్టబోతుంటే, మేం తలదాచుకున్న బంధువుల ఇంటి పక్కన ఉండే రిటైర్డ్ లైబ్రేరియన్ మేడమ్ ఆపారు. ఎండకి అట్ట వంకర పోతుందని, పేజీలు బలవంతంగా విడదీస్తే చిరుగుతాయని చెప్పారు. తడిసిన కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుందట. గడ్డ కట్టిస్తే అది ఆగుతుందట. ప్లాస్టిక్ కవర్లో చుట్టి డీప్ ఫ్రీజర్‌లో పెట్టమన్నారు. పటమటలో ఒక ఐస్‌క్రీమ్ షాపాయన మారు మాట్లాడకుండా ఫ్రీజర్‌లో ఒక మూల ఖాళీ చేశారు. పద్దెనిమిది రోజులు ఉంచుకున్నారు. డబ్బులు ఇవ్వబోతే, "మా అమ్మాయి కూడా అదే చదువుతోందమ్మా" అన్నారు.

తర్వాత మేడమ్ దగ్గరుండి మరీ నేర్పారు. పుస్తకాన్ని ఫ్యాను గాలికి నిలబెట్టి, కొన్ని పేజీలకొకటి చొప్పున పొడి కాగితం పెట్టి, అది చెమ్మ పీల్చగానే మార్చాలి. పూర్తిగా ఆరడానికి పన్నెండు రోజులు పట్టింది. రాత్రి కూడా లేచి మార్చేవారు ఆవిడ, డెబ్భై ఏళ్ళ వయసులో. నాన్న ఇంకుతో రాసింది మొత్తం కరిగి నీలం మరక అయింది. పెన్సిల్ గీత నీటికి చెరగదని మేడమ్ ముందే చెప్పారు, అయినా నాకు నమ్మకం కలగలేదు. ముప్ఫై మూడో అధ్యాయం దగ్గర పేజీలు విడిపోయినప్పుడు నా రాత అలాగే ఉంది. మేడమ్ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

లెనిన్ సెంటర్‌లో ఒక షాపు బాబాయిగారు ఈ సంగతి విని, మిగతా ఆరు భాగాలు అవే పాత అట్టలతో ఒక్కొక్కటే వెతికి పెట్టారు. మూడోది మాత్రం చాలా రోజులు దొరకలేదు. మొన్న పుస్తక మహోత్సవంలో దొరికిందని ఆయనే ఫోన్ చేశారు. సగం ధర కూడా తీసుకోలేదు. బాబాయిగారూ, ఇరవై మూడేళ్ళ క్రితం మా నాన్న వెతికిన ఆ వరసలోనే మీరూ మా కోసం వెతికారు.

నిన్న ఏడూ వరసగా పెట్టి నాన్నని పిలిచాను. చివరి పుస్తకంలో ఆ నీలం మరక కింద మళ్ళీ నా పేరు, 21-7-2007 అని రాశారు. ఈసారి పెన్సిల్‌తో.

ఇక ఆ పడవ కుర్రాళ్ళు. మొత్తం నలుగురు. లోపలికి వెళ్ళినబ్బాయి ఎడమ చేతికి ఎర్ర దారం ఉంది. మమ్మల్ని ఫ్లైఓవర్ దగ్గర దింపి, పేరు అడిగేలోపే ఇంకో ట్రిప్పుకి వెళ్ళిపోయారు. బాబూ, ఇది నీ కంట పడితే, లేదా నిన్ను ఎరిగినవాళ్ళు చదివితే, సంక్రాంతికి మా ఇంటికి రండి, నలుగురూ. అమ్మ అరిసెలకి పిండి కొట్టించింది.