బాకు, గిన్నె, దండం, బిళ్ల: చేతబడి సామగ్రి కాదు

సంపాదకులకు,

పాశ్చాత్యుల ‘సెరిమోనియల్ మ్యాజిక్’లో (క్రతువులతో చేసే మంత్రసాధనలో) వాడే పంచభూతాల పనిముట్లపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగానే ఉంది. కానీ ఫొటో కింద ‘చేతబడి సామగ్రి’ అని వేశారు. వేరే చోట అయితే చిన్న పొరపాటే అనుకోవచ్చు. బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టిన, చంపిన వార్తలు ఇంకా వస్తున్న ఉత్తర తెలంగాణలో మాత్రం ఆ రెండు మాటలు ఊరికే పోవు. రేపు ఎవరి ఇంట్లోనో రంగులు వేసిన చెక్కబిళ్ల కనిపిస్తే ఊరంతా గుమిగూడేందుకు అది చాలు.

ఆ వస్తువులకు ఇప్పుడున్న రూపం ఇచ్చింది వెస్ట్‌కాట్, మేథర్స్, వుడ్‌మన్ అనే ముగ్గురు 1888లో లండన్‌లో మొదలుపెట్టిన ‘గోల్డెన్ డాన్’ అనే మంత్రసాధకుల సంఘం. ఐర్లండ్ కవి యేట్స్ కూడా అందులో సభ్యుడే. గ్రీకు తత్వవేత్త ఎంపిడాక్లిస్ చెప్పిన నాలుగు భూతాలకు నాలుగు పనిముట్లు: నిప్పుకు దండం, నీటికి గిన్నె, గాలికి బాకు, మట్టికి బిళ్ల. జోస్యానికి వాడే టారో పేకముక్కల్లోని నాలుగు జాతులు కూడా ఇవే. సంఘం లోపలి శ్రేణికి చేరినవాళ్లు వీటిని తమ చేతులతోనే తయారు చేసుకోవాలి. వాళ్ల క్రతువుల్లో నెత్తురు లేదు, జంతుబలి లేదు, శ్మశానం ప్రసక్తే లేదు.

ఫొటోలో ‘వాయు ఖడ్గం’ అని చూపించినది నల్లపిడి కత్తి. గోల్డెన్ డాన్ వాయువు బాకుకు పిడి, అడ్డుకమ్మి స్వచ్ఛమైన పసుపు రంగులో ఉంటాయి, వాటి మీద ఊదా రంగు అక్షరాలు. బాకు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదంటారు. దానితో దేన్నీ కోయరు, గాలిలో గీతలు గీస్తారు, అంతే. నల్లపిడి కత్తి విక్కా (ఆధునిక పాశ్చాత్య ప్రకృతి ఆరాధన) మార్గం వారిది. వారిలో కొందరు కత్తిని నిప్పుకు, దండాన్ని గాలికి చెప్తారు కూడా. వ్యాసంలోని పట్టిక ఒక వరుస ఇక్కడినుంచి, ఒక వరుస అక్కడినుంచి తీసుకున్నట్టుంది, అందుకే రెండు పనిముట్లూ నిప్పుకే వచ్చి పడ్డాయి. పక్కనే ఉన్న పొడవాటి ఖడ్గం అసలు ఈ నాలుగింటిలోదే కాదు. అది ఎర్రపిడితో, కుజుడి శక్తికి చెందిన వేరే ఆయుధం.

అన్నిటిలో శ్రమ ఎక్కువ పెట్టించేది దండం. నున్నటి గుండ్రటి కర్రకు ఈ చివర నుంచి ఆ చివరకు సన్నని రంధ్రం ఉండాలి. అందులో అయస్కాంతం చేసిన ఉక్కు తీగ దూర్చి, రెండు వైపులా అంగుళంలో పదహారో వంతు బయటికి వదలాలి. కర్రకు రంధ్రం వేయడం కష్టం కాబట్టి మూడు కణుపుల బెత్తం వాడొచ్చని ఆ సంఘం పత్రాలే చెప్తాయి. పొడవు 18 అంగుళాలు దాటకూడదు. ఒక చివర శంకువు ఆకారం, రెండో చివర సాదా. తీగ ఉత్తర ధ్రువం సాదా చివర వైపు ఉండాలి. దిక్సూచి ముల్లు ఉత్తరపు కొనను వికర్షించేదే ఆ ధ్రువం. చాలామంది తీగను ముందు అయస్కాంతం చేసి, ఆ తర్వాత సుత్తితో కొట్టి లోపలికి దింపుతారు. దెబ్బలకు, వేడికి అయస్కాంతత్వం పోతుంది కాబట్టి వదులుగా జారేంత రంధ్రం ముందే చూసుకోవాలి. పైన నిప్పు ఎరుపు, మూడు భాగాలుగా విడదీసే పసుపు పట్టీలు, శంకువు మీద మూడు జ్వాలలు, ఆకుపచ్చ అక్షరాలు. ఎరుపు ఆరకముందే పసుపు వేస్తే పట్టీ కాస్తా నారింజ అవుతుంది.

ఎరుపు మీద ఆకుపచ్చ, నీలం మీద నారింజ, పసుపు మీద ఊదా: ఎదురెదురు రంగులు కాబట్టి కళ్లకు అదురుతున్నట్టు కనిపిస్తాయి. అదే వాళ్లకు కావాల్సింది. ఎరుపులో కొంచెం నలుపు కలిసినా ఆ అదురు పోతుంది. పసుపు కింద తెల్ల అస్తరు లేకపోతే అడుగు రంగు బయటికొచ్చి మాసిపోయినట్టుంటుంది.

గిన్నెది తేలిక పని. కాడ ఉన్న సాదా గాజు గ్లాసు మీద కుంకుమపువ్వులా ఎనిమిది రేకులు నీలంగా వేసి, అంచులకు నారింజ గీత గీస్తారు. రంగు బయటి వైపే వేయాలి, గాజును స్పిరిట్‌తో తుడిచాకే వేయాలి.

బిళ్ల నాలుగున్నర అంగుళాల వ్యాసం, అర నుంచి ఒక అంగుళం మందం. రెండు వైపులా తెల్ల అంచు, ఆరు కోణాల తెల్ల నక్షత్రం, వాటి నేపథ్యంగా నాలుగు భాగాల్లో నాలుగు మట్టి రంగులు. నారింజ, ఆకుపచ్చ కలిస్తే పైభాగంలోని మాసిన నిమ్మరంగు. ఆకుపచ్చ, ఊదా కలిస్తే ఆలివ్. నారింజ, ఊదా కలిస్తే ఇటుక గోధుమ. అడుగున నలుపు. ఆరని చెక్కతో చేస్తే మన ఎండాకాలానికి బిళ్ల వంకర తిరగడం ఖాయం. రెండు వైపులా రంగు వేయకుండా ఒకవైపే వేసినా అంతే.

మీరు ముద్రించిన బొమ్మలో పనిముట్ల మీద రాసే హీబ్రూ (యూదుల భాష) పేర్లు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఆ లిపి కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. అందులో దాలెత్ అక్షరానికి రేష్‌కు, హే అక్షరానికి ఖెత్‌కు తేడా చిన్న మూల, చిన్న ఖాళీ మాత్రమే. నకలు చేసేవాళ్లు ఎక్కువగా తప్పేది అక్కడే.

‘ఇవన్నీ మన పంచభూతాలే’ అన్న వాక్యం కూడా సగమే నిజం. థియోసాఫికల్ (దివ్యజ్ఞాన సమాజ) వర్గాల ద్వారా మన తత్త్వాల గుర్తులు ఆ సంఘంలోకి వెళ్లిన మాట వాస్తవం: పృథ్వికి పసుపు చతురస్రం, జలానికి వెండి నెలవంక, తేజస్సుకు ఎర్ర త్రికోణం, వాయువుకు నీలి వృత్తం. అయితే వాటిని ధ్యానానికే వాడుకున్నారు, పనిముట్ల రంగులు మార్చలేదు. అందుకే వాయువు ఒక చోట నీలం, మరో చోట పసుపు. మన పంచోపచార పూజలో లం అని గంధం పృథ్వికి, యం అని ధూపం వాయువుకు, రం అని దీపం అగ్నికి చెప్పి దేవుడికే సమర్పిస్తాం. అక్కడి పనిముట్టు మాత్రం సమర్పించేది కాదు, చేసే మనిషి చేతిలో ఉండేది.

దిక్కులూ కలవవు. మనకు అగ్ని ఆగ్నేయం, వాయువు వాయవ్యం. వాళ్లకు నిప్పు దక్షిణం, గాలి తూర్పు, మట్టి ఉత్తరం. నీటికి పడమర ఒక్కటే మన వరుణుడితో కలుస్తుంది. నిప్పుకు దక్షిణం ఎందుకంటే మిట్టమధ్యాహ్నం సూర్యుడు అటే ఉంటాడు కాబట్టి అంటారు. లండన్‌లో ఏడాది పొడవునా ఆ మాట చెల్లుతుంది. వరంగల్‌లో మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరాన ఉంటాడు. మరి ఇక్కడ చేసుకునేవాళ్లు ఏ దిక్కు చూడాలో!

వచ్చే ఆదివారం ఫొటో కింది మాటను సవరిస్తూ, నల్లకత్తి స్థానంలో పసుపు పిడి బాకు బొమ్మ వేయండి. జాగా సరిపోకపోతే రంగుల విషయం వదిలేసినా పర్వాలేదు, ‘చేతబడి’ అన్న మాట తప్పని మాత్రం మొదటి పేజీలోనే వేయాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ