నడుస్తూ పడిపోతే పరిహారం ఎవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మకు 68 ఏళ్లు. శ్రావణ శుక్రవారం పూలకని బజారుకు బయల్దేరింది. మా వీధి చివర మురుగు కాలువ మీద వేసిన సిమెంటు పలక విరిగి చువ్వలు పైకి లేచి ఉన్నాయి, చీర కుచ్చిళ్లు ఒక చువ్వకు తగులుకుని అక్కడే పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను, మందులు, ఫిజియోథెరపీ అన్నీ కలిపి రెండు లక్షలు దాటాయి. మర్నాడు ఎవరో పుణ్యాత్ములు ఆ పలక సందులో వేపకొమ్మ గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు. ఆకులు రాలిపోయాయి గానీ కొమ్మ ఇంకా అక్కడే ఉంది.

మున్సిపల్ ఆఫీసుకు వెళితే, "పెద్దవాళ్లు చూసుకుని నడవాలి కదండీ" అన్నారు. ఆ మాట నాకు ఆపరేషన్ బిల్లు కంటే ఎక్కువ బాధ పెట్టింది. ఆస్తిపన్నుతో పాటు డ్రైనేజీ పన్నూ కడుతున్నాం కదా!

అమ్మను ఏ ఆటోనో గుద్ది ఉంటే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లేవాళ్లం. వాహనం లేదు కాబట్టి ఆ దారి లేదు. మిగిలింది సివిల్ కోర్టు, అక్కడ ముందు నోటీసు ఇవ్వాలి, గడువు దాకా ఆగాలి, పలక పాడైందని వాళ్లకు తెలిసీ బాగుచేయలేదని మనమే చూపించాలి, ఆ తర్వాత ఎన్నేళ్లు పడుతుందో. ఫలితం కూడా ఎటైనా పోవచ్చు. ఢిల్లీ చాందినీ చౌక్‌లో గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసులో 1966లో సుప్రీంకోర్టు కార్పొరేషన్‌దే బాధ్యత అంది. రాజ్‌కోట్‌లో రోడ్డు పక్క చెట్టు కూలి మీద పడడంతో ఒకాయన చనిపోతే, హైకోర్టు దాకా గెలిచిన ఆ కుటుంబం 1997లో అదే సుప్రీంకోర్టులో ఓడిపోయింది.

2025 మేలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడవడం, జీవించే హక్కునిచ్చే రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద మన హక్కు అని చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో బాంబే హైకోర్టు ఇంకో అడుగు వేసింది. మహారాష్ట్రలో గుంతల వల్ల, మూతల్లేని మ్యాన్‌హోళ్ల వల్ల చనిపోతే 6 లక్షలు, గాయపడితే 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని, ఆ సొమ్మును బాధ్యులైన కాంట్రాక్టర్లు, అధికారుల నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కోర్టు మొట్టికాయ వేసేదాకా ఆగకుండా ప్రభుత్వాలే ఇలాంటి ఏర్పాటు చేయాలి. విరిగిన కాలువ పలకలను, ఫుట్‌పాత్ మీద వదిలేసిన కరెంటు స్తంభాల మొండేలను కూడా అందులో చేర్చాలి. ముసలివాళ్లను పడేసేవి ఎక్కువగా అవే.

తోటి పాఠకులకు ఒక మాట. మీ వీధిలో పలక విరిగితే నోటితో చెప్పి ఊరుకోకండి, రాసిచ్చి రసీదు తీసుకోండి, ఫొటో తీసి తేదీతో సహా దాచుకోండి. అమ్మ పడకముందు మా వీధిలో కనీసం నలుగురు ఆ పలక గురించి చెప్పారట. ఒక్కరి దగ్గరా కాగితం లేదు. మొన్న సోమవారం నేను మళ్లీ అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు